ప్రసాదమునకు పరిమితి – ఆహార విషయమున మన బాధ్యత



వీరశైవులకు అన్నము వట్టి అన్నము కాదు, అది ప్రసాదము. అష్టావరణములలో ప్రసాదమునకు స్థానము కలదు. షట్‌స్థలములలో మూడవదియైన ప్రసాది స్థలము దాని పేరనే ఏర్పడినది. భుజించుటకు ముందు పదార్థమును ఇష్టలింగమునకు అర్పించి, అర్పితమైన దానిని ప్రసాదబుద్ధితో స్వీకరించుట మన ఆచారము. స్వీకరించినదానిలో ఒక్క మెతుకైనను పారవేయరాదనుటయు ఆ ఆచారములోనిదే. ఈ రెండు నియమములను మనము చిన్ననాటినుండి వినుచునే యున్నాము. అయితే వీనినుండి సహజముగా పుట్టెడి మూడవ నియమమును మాత్రము తరచుగా మరచుచున్నాము. విడువరాదన్నచో మితిమీరి వడ్డించుకొనరాదు. ప్రసాదమును పారవేయుట ఎట్లు అపచారమో, ఆకలి లేని కడుపులోనికి దానిని త్రోయుటయు అట్లే అపచారము.

హితమైన ఆహారమును ఎన్నుకొనవలసిన బాధ్యత ఎవరిది? ఎన్నుకొనవలెనని మనసునకు తోచినను ఆ సంకల్పము ఏల నిలువదు? నిలుచుటకు ఉపాయమేమి? ఈ మూడు ప్రశ్నలను మన ప్రాంతపు పంటను, మన ఇండ్ల వంటను దృష్టియందుంచుకొని ఈ పాఠమున విచారింతము.

లక్కమ్మ కొలత

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని కాలపు శరణులలో మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. కన్నడమున వారి పేర్లకు ముందు ‘ఆయ్దక్కి’ అను మాట చేరినది అందువలననే. ఏరిన బియ్యమని దానికర్థము. ఆ బియ్యమును వండి, జంగములకు దాసోహము చేసి, వారు జీవితము గడిపెడివారు. ఒకనాడు మారయ్య ప్రతిదినము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇది మనకు కావలసినదానికంటె అధికమనియు, తెచ్చినచోటనే విడిచి రావలెననియు చెప్పెను. మారయ్య ఆ మాటను మన్నించి, మిగులు బియ్యమును విడిచి వచ్చెను.

ఈ కథను పెద్దలు దురాశా నిషేధమునకు దృష్టాంతముగా చెప్పుదురు. అది యుక్తమే. నేటి మన విషయమునకును ఇందులో మూడు సూత్రములు దొరకుచున్నవి. మొదటిది: లక్కమ్మ అధికమును గుర్తించినది పళ్లెములో కాదు, పొయ్యి ముట్టించుటకు ముందే, గడప యొద్ద. రెండవది: దినమునకెంత కావలెనో ఆమెకు తెలియును. కొలత తెలియనివారికి అధికము కంటబడదు. మూడవది: బియ్యము వెనుకకు పోయినది ఆమె మాటచేత మాత్రమే కాదు, అతని సమ్మతిచేతను. బాధ్యతను ఇద్దరును మోసిరి. ఈ మూడు సూత్రములను జ్ఞాపకముంచుకొని ముందునకు పోదము.

జొన్న నుండి వరికి

మా పాలకీడు సూర్యాపేట జిల్లాలోనిది. మూసీ కృష్ణలో కలియు వాడపల్లి మాకు దూరము కాదు. నదులు చెంతనే యున్నను మెట్టచేలకు నీరెక్కని కాలమొకటి యుండెను. అప్పుడు చెరువుల క్రింద కొంత వరి, తక్కిన చేలలో జొన్న, సజ్జ, ఆముదము, కంది, పెసర పండెడివి. ఇండ్లలో జొన్నరొట్టె, గటక, అంబలి నిత్యాహారములు. వరియన్నము చాలమందికి పండుగనాటి మాట, లేక చుట్టము వచ్చిననాటి మాట.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేసిరి. లాల్ బహదూర్ కాలువ అని పేరుగల ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిమాగాణములైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణముగా పేరొందినది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యమును పేదల ఇండ్లకు చేర్చినది. 2025 మార్చి 30న, ఉగాదినాడు, చౌకధరల దుకాణముల ద్వారా సన్నబియ్యము పంచు పథకము మా చేరువలోని హుజూర్‌నగర్‌లోనే ప్రారంభమైనది. ఆ పథకమున మనిషికి నెలకు 6 కిలోలు ఇచ్చుటకు ఏర్పాటు చేసిరి.

ఇవి యన్నియు ఆకలిని పారద్రోలిన మేలులు. గటకను పొగడుచు నాటి కరవును మరచుట న్యాయము కాదు. అయినను ఒక మార్పును గుర్తింపవలెను. నాడు శ్రమ అధికము, బియ్యము స్వల్పము. నేడు దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, ఊరికి పోవుటకు మోటారుసైకిలు వచ్చినవి. దేహశ్రమ తగ్గినది, అన్నపు గిన్నె మాత్రము తగ్గలేదు. రొట్టెతోపాటు పళ్లెములోనుండి పప్పులును, ఆకుకూరలును వెనుకకు జరిగినవి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు 65వ జాతీయ రహదారి వెంట బేకరీలును, మిర్చిబజ్జీల బండ్లును, శీతలపానీయములును వచ్చి చేరినవి. ఇవి యన్నియు కాలవశమున జరిగినవి. వీనిలో ఏదియు మన ఇంటివారు కూర్చుండి యోచించి నిర్ణయించినది కాదు.

తెల్లబియ్యము చెప్పు పాఠము

తెల్లబియ్యమును గూర్చిన ఒక చరిత్ర మన తెలుగునాటికి మిక్కిలి సన్నిహితమైనది. మిల్లులో బాగుగా తెల్లచేసిన బియ్యమునుండి తవుడుతోపాటు బి1 అను విటమినులో అధికభాగమును పోవును. అట్టి బియ్యమే ప్రధానాహారమైనచోట బెరిబెరి యను వ్యాధి ప్రబలెడిది. ఆ వ్యాధిని పరిశోధించుటకు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. అదియే క్రమముగా పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. తార్నాకలో నేడు మనము చూచు ఆ గొప్ప సంస్థకు పుట్టుక తెల్లబియ్యపు చిక్కులోనిదే.

నేడు బెరిబెరి అరుదైనది. దాని స్థానమున మధుమేహము వచ్చినది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహమున్నదనియు, మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపయొద్ద నున్నారనియు అందులో అంచనా వేసిరి. ఈ వ్యాధికి ఒక దుర్గుణమున్నది: తొలిదినములలో అది నొప్పి పెట్టదు. నొప్పి లేనందున వైద్యుని చూడము. కన్ను మసకబారిన నాడు, కాలిపుండు మానని నాడు, మూత్రపిండములు మొరాయించిన నాడు తెలియును. అప్పటికి చాల సంవత్సరములు గడచియుండును.

అదే పరిశోధకులు 2025లో ప్రకటించిన ఆహార పరిశీలన మరియొక విషయమును తెలిపినది. మన దేశీయుల ఆహారమున శక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నది. మాంసకృత్తులు సుమారు 12 శాతమే. వరిని, గోధుమను తీసివేసి అంతే పరిమాణములో చిరుధాన్యములను తినుటవలన మధుమేహపు ముప్పు తగ్గినట్లు కనబడలేదు. పిండిపదార్థముల మొత్తమును కొంత తగ్గించి, ఆ స్థానమున పప్పుదినుసులను, పాలపదార్థములను చేర్చినచో ముప్పు తగ్గు సూచనలు కనబడినవి. కావున కొర్రలన్నము రెండు మారులు వడ్డించుకొని, ఇక భయము లేదని అనుకొనుట భ్రమ. తెలంగాణ సోనా వంటి రకములు రక్తములో చక్కెరను మెల్లగా పెంచునని పేరు పొందినవి. అయినను పరిమాణము పెరిగినచో ఆ మేలు నిలువదు. ధాన్యపు పేరు కంటె ధాన్యపు కొలత ముఖ్యము.

బాధ్యత వేరు, నింద వేరు

ఇచట ఒక అపార్థమును తొలగింపవలెను. బాధ్యతను గూర్చి మాటాడినంతనే కొందరు రోగిని నిందించుటకు పూనుకొందురు. తీపి తిని తెచ్చుకొన్నాడని ఎదుటనే అందురు. ఇది అధర్మము, అజ్ఞానము కూడ. తల్లిదండ్రులనుండి వచ్చిన శరీరతత్త్వము, వయస్సు, పేదరికము, అంగడిలో దొరకు వస్తువులు – ఇన్నియు వ్యాధికి కారణములగును.

ఈ విషయమున చెన్నపట్టణపు వైద్యులు డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందమువారు చేసి 2006లో ప్రకటించిన పరిశోధన మననము చేయదగినది. మధుమేహము ఇంకను రాక, వచ్చు సూచనలున్న 531 మందిని వారు నాలుగు వర్గములుగా విభజించి మూడు సంవత్సరములు గమనించిరి. సాధారణ సలహా మాత్రమే పొందిన వర్గమున నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. ఆహారమును సవరించుకొని, నడకను అభ్యసించిన వర్గమున నూటికి 39 మందికే వచ్చెను. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చదువవలెను. ప్రయత్నమువలన నూటికి పదునారుగురు, కనీసము ఆ కాలములో, తప్పించుకొనిరి. ఇది స్వల్పము కాదు. ఒక ఊరిలో అది ఎన్ని సంసారములో లెక్కవేయుడు. అయినను ప్రయత్నించినవారిలోనే ముప్పదితొమ్మిదిమందికి వ్యాధి రాక తప్పలేదు. కావున వ్యాధి వచ్చినవానిని దోషిగా చూచుటకు మనకు అధికారము లేదు.

కాయక సిద్ధాంతముతో దీనిని పోల్చి చూడుడు. కాయకమును శుద్ధముగా చేయుట మన వంతు. పంట ఎంత వచ్చునో మన చేతిలో లేదు. ఫలము నిశ్చయము కాదని రైతు విత్తుట మానడు. పంట చెడినవానిని ఇరుగుపొరుగు వెక్కిరింపరు. ఆహారనియమమును గూడ ఒక కాయకముగా తలచినచో నిందకును, నిర్లక్ష్యమునకును రెంటికిని తావుండదు.

సంకల్పము ఎచట నిలుచును?

రేపటినుండి తగ్గింతునను మాట మనమందరము వినునదే. అది ఏల నిలువదు? ఎక్కువమంది తమ సంకల్పమును నాలుకకు అప్పగింతురు. ఆకలితో నున్న వేళ, వేడియన్నము ఆవిరులెగయుచు ఎదుటనున్నప్పుడు, ఆవకాయ వాసన వచ్చుచుండగా, చాలునని చెప్పుమని నాలుకనడుగుట న్యాయము కాదు. భయమును నమ్ముకొనుటయు అంతే. డాక్టరు చూపిన కాగితము నాలుగు దినములు భయపెట్టును. ఐదవనాడు అలవాటు గెలుచును.

లక్కమ్మ చూపిన త్రోవ వేరు. నిర్ణయమును పళ్లెమునొద్దనుండి కొలపాత్ర యొద్దకు జరుపవలెను. బియ్యము కడుగక ముందు మనసు స్థిమితముగా నుండును. అప్పుడు చేసిన నిర్ణయమును పళ్లెమునొద్ద మరల చేయనక్కరలేదు. గిన్నెలో లేని అన్నమునకై ఎవరును పోరాడరు.

కొలత ఎంత? జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఆహార మార్గదర్శకములను ప్రకటించిరి. దేశములోని రోగభారమున 56.4 శాతమునకు సరికాని ఆహారము కారణమని ఆ సందర్భమున తెలిపిరి. దినమునకు 2000 కిలోకేలరీలు చాలునట్టి పెద్దవారికి వారు చూపిన నమూనా ఇది: ధాన్యములన్నియు కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుసెనగ వంటి గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి 27 గ్రాములు. ఇవి వండక ముందటి తూకములు. ధాన్యములనగా అన్నము మాత్రమే కాదు. ఉదయపు ఉప్మా, దోసె, రాత్రి రొట్టె అన్నియు ఆ 250 గ్రాములలోనివే. ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపల నుండవలెననియు, చక్కెర, బెల్లము వంటివి 25 గ్రాములు మించకున్న మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

గ్రాముల లెక్క గృహిణికి విసుగు పుట్టించును. అందువలన దీనిని కిరాణా చీటీ లెక్కగా మార్చి చూతము. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు ధాన్యములన్నియు కలిపి 30 కిలోలు, పప్పుదినుసులు సుమారు 10 కిలోలు, నూనె నెయ్యి కలిపి మూడున్నర లీటర్లు, ఉప్పు 600 గ్రాములు, చక్కెర బెల్లము కలిపి ఎక్కువలో ఎక్కువ 3 కిలోలు అగును. ఆవకాయలోని ఉప్పునూనెలు, అప్పడములలోని ఉప్పు, అంగడి మిఠాయిలోని చక్కెర కూడ ఈ లెక్కలోనివే. ఇప్పుడు మీ ఇంటి గత నెల చీటీని దీని ప్రక్కన ఉంచి చూడుడు. చాల ఇండ్లలో బియ్యము, నూనె పైకి పొంగును. పప్పు అడుగున నిలుచును.

రేషనుపై మనిషికి వచ్చు 6 కిలోలను ముప్పది దినములకు పంచినచో దినమునకు 200 గ్రాములగును. అనగా ఆ బియ్యమే నమూనాలోని ధాన్యభాగమునకు చాలవరకు సరిపోవును. దానిపై బజారునుండి మరియొక బస్తా తెచ్చు ఇల్లు, అది దేనికని ఒకమారు ప్రశ్నించుకొనవలెను.

మాంసము, గ్రుడ్లు తినని మనకు మాంసకృత్తులకు ముఖ్యాధారములు పప్పులు, పాలు, వేరుసెనగలే. కాని పప్పుచారు పేరిట మన పళ్లెములలోనికి వచ్చునది అధికముగా నీరే. కంది, పెసర, సెనగ, అలసంద, ఉలవ – వీనిలో ఒకటి ప్రతిపూట గట్టిగా నుండవలెను. గోంగూర, తోటకూర, చుక్కకూర పెరటిలో పెరుగును. పప్పు ఖరీదైనదను మాట నిజమే. అయితే శీతలపానీయములకును, పిల్లల చిప్స్ పొట్లములకును పోవు రూపాయలను నెలరోజులు వ్రాసి చూచినచో, పప్పు సొమ్ము కొంత అందులోనే దొరకవచ్చును.

అయితే హెచ్చరిక. పొలమున దినమంతయు శ్రమించువారికిని, గర్భిణులకును, బాలింతలకును, ఎదుగు పిల్లలకును కొలత వేరుగా నుండును. వారిని అర్ధాకలితో నుంచరాదు. మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు వైద్యునికి చెప్పక ఆహారమును ఒక్కమారుగా తగ్గించినచో రక్తములో చక్కెర పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి కలవారు పప్పుల విషయమున వైద్యుని మాటనే పాటింపవలెను.

వడ్డించువారి బాధ్యత

ఇంతవరకు తినువారిని గూర్చి చెప్పితిమి. వడ్డించువారికిని బాధ్యత కలదు. మన ఇండ్లలో మర్యాదకు కొలమానము గరిటె. మామగారు చాలును కోడలా అని చేయి అడ్డము పెట్టినను, ఇంకొక్క గరిటె మామయ్యా అని వేయుట ప్రేమ. ఎదుటివారు వద్దన్నప్పుడు ఆగుట అంతకంటె పెద్ద ప్రేమయని నేడు మనము నేర్వవలెను. దాసోహమనగా ఇచ్చువాడు తన అహమును విడిచి సేవించుట. పెట్టించుకొనువాని మేలు చూడక, పెట్టుట చేత తనకు కలుగు తృప్తిని మాత్రమే చూచుకొన్నచో అందు అహము మిగిలియే యున్నది.

వంట బాధ్యతను స్త్రీలపై మాత్రమే మోపుటయు సరికాదు. గృహిణి నూనె తగ్గించి వండినచో, చప్పగానున్నదని పళ్లెము త్రోసివేయు పురుషుడు తన ఆరోగ్యమునే కాక ఆమె ప్రయత్నమును గూడ పాడుచేయుచున్నాడు. మారయ్య బియ్యమును తిరిగి విడిచి రాకున్నచో లక్కమ్మ వివేకము ఏమయ్యెడిది? పిల్లలు మన మాటలను వినరు, మన పళ్లెములను చూతురు. తండ్రి కూరను ప్రక్కకు నెట్టిన ఇంట కొడుకునకు కూర మంచిదని చెప్పిన ఫలమేమి?

మఠములకును ఒక విన్నపము. ఉత్సవ దినములలో పంక్తికి పెట్టు ప్రసాదమున బక్ష్యములు, పాయసము ఉండవలసినవే. వానితోపాటు ఒక గట్టిపప్పు, ఒక ఆకుకూర ఉండునట్లు చూడవలెను. తీపిని చిన్న గరిటెతో వడ్డించి, కావలసినవారికి మరల వడ్డింపవచ్చును. ప్రసాదమును కాదనరాదను భక్తిచేత మధుమేహ రోగులు పంక్తిలో ఇబ్బంది పడుచుందురు. వేలికొనతో తీసుకొన్న కొంచెమును ప్రసాదమే. మహిమ పరిమాణములో లేదు. ఈ మాటను స్వాములవారు పంక్తి ముందు ఒకమారు చెప్పినచో, వంద కరపత్రములు చేయని పని జరుగును.

సాధన

భోజనమునకు ముందు లింగార్పణ వేళ మనము క్షణకాలము ఆగుదుము. ఆ క్షణము వృథా కాకూడదు. ఆ సమయమున రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది అర్పింపదగిన పదార్థమేనా? ఇంతయు నాకు కావలెనా? రెండవ ప్రశ్నకు కాదని తోచినచో, అర్పణకు ముందే, ఎంగిలి కాకముందే, కొంత తీసి గిన్నెలో వేయవచ్చును. ప్రసాదమైన పిదప విడుచుటకు వీలు లేదు కదా!

ఈ సంచిక చేతికందిన నాటినుండి పదునైదు దినములు ప్రతి కుటుంబమును ఈ చిన్న అభ్యాసమును చేయవలెనని కోరుచున్నాను. ఒక నోటుపుస్తకము వంటింటిలో నుంచుడు. ప్రతిదినము వండిన బియ్యమెన్ని గ్లాసులో, పప్పెన్ని గ్లాసులో, ఏ కూర వండితిరో, ఎంతమంది భుజించితిరో వ్రాయుడు. మొదటి వారము ఏమియు మార్పవలదు, వ్రాసిన చాలును. రెండవ వారము బియ్యములో పావుగ్లాసు తగ్గించి, ఆ పావుగ్లాసు పప్పును పెంచుడు. వ్రాయుట ఇంటిలో చదువుకొను పిల్లలకు అప్పగించినచో వారికి లెక్కలును వచ్చును, బాధ్యతయు తెలియును.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. ప్రసాదమును విడువరాదను నియమమునకును, మితముగా వడ్డించుకొనుటకును గల సంబంధమేమి?
2. లక్కమ్మ అధికమును ఏ స్థానమున నిలిపినది? మన ఇంట ఆ స్థానమేది?
3. చిరుధాన్యములు తినుట మాత్రమే ఏల చాలదు?
4. వ్యాధిగ్రస్తుని నిందింపక బాధ్యతను బోధించుట ఎట్లు?
5. మన ఇంటిలో నెలకు వచ్చు నూనె ఎంత? భుజించువారెందరు?

కాలువ నీరు, మిల్లు బియ్యము, అంగడి తిండి మనలను అడిగి రాలేదు. కాని కొలపాత్ర మన చేతిలోనే యున్నది. దానిని నింపునప్పుడు ఒకరికొకరు సహాయపడుదము.